మూత

పులియంతోపులో మా సందు చివర,
పాల బూత్ పక్కన, వాన వెలిసిన సాయంత్రం
మ్యాన్‌హోల్ మూత తీసి పక్కన పడేసి ఉంది.
అంచున నిలబడి కాంట్రాక్టరు దండపాణి
ఫోన్లో మాట్లాడుతున్నాడు.
వీపు నా వైపు.
తెల్ల చొక్కా చెమటకి వెన్నుకంటుకుపోయి.

రెండేళ్లుగా నిద్రలో నేను వెతుకుతున్న వీపు.

మా తమ్ముడు అంకబాబు దిగిన రోజు
నడుముకి కట్టుకున్నది
మా ఇంట్లో బట్టలారేసే నైలాను తాడు.
కాగితంలో మాత్రం యంత్రం దిగింది.
ఆ పొద్దున రెండిడ్లీలు తిని
మూడోది నా కూతురి నోట్లో పెట్టింది
యంత్రం కాదు.
పైకి తీశాక మొహం కడగాలని నీళ్లడిగితే
ఎదురు మేడావిడ బకెట్టు ఇచ్చింది.
"మళ్లీ తేనక్కర్లేదు, ఉంచుకో" అంది.

అప్పట్నుంచీ నా లెక్క ఒకటే.
అతను దిగాలి.
తాడు నా చేతిలో ఉండాలి.
అతను లోపల్నుంచి పిలుస్తుంటే
నేను ఫోన్లో మాట్లాడుతూ ఉండాలి, అతనిలాగే.
ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద కూడా
నేనడిగింది ఇదే.

ఎగ్మోరు కోర్టుకి పదకొండు సార్లు తిరిగాను.
మాటలు తమిళంలో, కాగితాలు ఇంగ్లీషులో,
మా అమ్మ ఏడుపొక్కటే తెలుగు.
జడ్జిగారు సెలవు. లాయరుకి జ్వరం. సాక్షి ఊళ్లో లేడు.
వాయిదా అంటే ఏందే అని అమ్మ అడిగితే
"ఇంకా చావలేదని" చెప్పాను.

ఇప్పుడు మూరెడు దూరంలో వీపు.
ఒక్క చెయ్యి చాలు.
బూతు కుర్రాడు లోపలికి తిరిగి ప్యాకెట్లు లెక్కపెడుతున్నాడు.
పనివాళ్లు టీకి పోయారు.
చెయ్యి లేచింది కూడా. అబద్ధమెందుకు.

అప్పుడొచ్చిందా ఆలోచన:
ఇతను పడితే, తియ్యడానికి ఎవర్ని దింపుతారు?
మా సందులోంచే.
రాయప్ప కొడుక్కి పదహారేళ్లు,
బక్క పిల్లాడు, ఆ గుంతలో సులువుగా పడతాడు.

"సార్, కాలి ముందు గుంత!"
అరిచింది నేనే.

జాలి అనొద్దు, ఎవరన్నా ఊరుకోను.
క్షమించలేదు. రేపు కూడా క్షమించను.
నాకతను బతికి కావాలి.
గొంతూ జ్ఞాపకమూ చెక్కుచెదరకుండా
బోనులో నిలబడి
ఆ రోజు ఎవరు దిగారో చెప్పాలి.
యంత్రమని కాదు. పేరు.
ఆ పేరు అతని నాలుక మీంచి
రికార్డులోకి ఎక్కాలి.

అతను ఉలిక్కిపడి, ఫోన్ జేబులో పెట్టుకుని
"మిగతాది రేపు చూద్దాం, కాస్త పట్టమ్మా" అన్నాడు.
పాత ఇనుము. ఒక్కరి వల్ల కాదు.
చెరో పక్కా వంగాం.
అతని ఉంగరం మూతకి తగిలి టంగుమంది.
లేచేసరికి ఇద్దరి చేతులకీ ఒకటే వాసన.
"ఎవరమ్మా నువ్వు? ఈ వీధేనా?"

పదకొండు వాయిదాలు
ఒకే వరండాలో నిలబడ్డాం మేము.

"పంతొమ్మిదో తారీఖున చెప్తాను" అన్నాను.
అర్థంకాక నవ్వాడు.
కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

ఇంటికొచ్చి మూడుసార్లు సబ్బుతో రుద్దుకున్నాను.
అంతా విని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
"తోసేసుంటే ఈ రాత్రి నాకు నిద్ర పట్టేది" అంది.
పట్టేదే. కాదనను.
రాయప్ప పెళ్లాం ఇంట్లో మాత్రం
దీపం ఆరేది కాదు.

పడుకోబోతూ మళ్లీ వెళ్లి చూశాను.
మూత సరిగ్గా కూర్చోలేదు,
ఒక పక్క వేలు పట్టేంత సందుంది.
కాలితో తొక్కాను. కదల్లేదు.
దాని మీద ఇటుక పెట్టి
ఇటుకకి ఎర్రగుడ్డ చుట్టి వచ్చాను.